చిన్న బెడ్‌రూమ్‌కి పరుపు కొన్న కథ: 70 రోజులు, రెండు పరుపులు, ఒక నడుం నొప్పి

2025 మార్చి 30, ఉగాది, ఆదివారం. పొద్దున్న ఐదున్నరకి పూజకి ఇత్తడి సామాను కావాలి, అది మా మంచం కింద బాక్సులో ఉంటుంది, మా ఆయన నిద్రలేచి స్నానానికి వెళ్ళాడు, ఆయన వచ్చేదాకా ఆగొచ్చు కానీ ఆగలేదు నేను. ఒక చేత్తో పరుపు పైకెత్తి, భుజంతో దాన్ని మోస్తూ, రెండో చేత్తో ప్లైవుడ్ మూత లాగాను. నడుం దగ్గర కలుక్కుమంది. అంతే. పరుపు నా మీద పడింది, నేను మంచం మీద పడ్డాను, ఉగాది పచ్చడి పడుకునే తిన్నాను.

మాది మల్కాజ్‌గిరిలో అద్దె ఇల్లు, డబుల్ బెడ్‌రూమ్, పై ఫ్లోర్. పెద్ద గది అత్తయ్యది, ఆవిడ మోకాళ్ళకి బాత్రూమ్ దగ్గరగా ఉండాలని అలా ఇచ్చేశాం. మా ముగ్గురిది (నేను, మా ఆయన, నాలుగేళ్ళ పాప) చిన్న గది. తొమ్మిది అడుగులకి తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు. అందులో మంచం, బీరువా, కూలర్. పరుపు మా పెళ్ళినాటి కొబ్బరి పీచుది, 2015లో కొన్నది, మధ్యలో గుంట పడి పాప ఎటు పడుకోబెట్టినా దొర్లుకుంటూ ఆ గుంటలోకే వచ్చేది.

ఏప్రిల్ 2న ఆర్థో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఫీజు 600, ఎక్స్‌రే 450, గంటన్నర వెయిటింగ్. ఎముకకేం లేదు, కండరం పట్టేసింది అన్నారు. పరుపు సంగతి అడిగితే గుంట పడితే మార్చేయండి, కానీ బండలా గట్టిది మాత్రం వద్దు, మరీ మెత్తంది కాదు, మధ్యరకం చూసుకోండి అన్నారు. ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య నమ్మలేదు. "నడుం నొప్పికి గట్టి నేల కంటే మందేముంది, మేం నులక మంచాల మీద పడుకోలేదా" అని. ఆవిడతో వాదించడం ఇష్టం లేక మా ఆయన రాత్రి ఫోన్‌లో వెతికి వెతికి లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో 2003లో వచ్చిన స్టడీ ఒకటి పట్టుకొచ్చాడు, స్పెయిన్‌లో 313 మంది నడుం నొప్పివాళ్ళకి కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం పరుపు ఇచ్చి మూణ్ణెల్లు చూస్తే మధ్యరకం వాళ్ళకే ఎక్కువ తగ్గిందట. అత్తయ్య విని "స్పెయిన్ వాళ్ళకి నులక మంచాలు ఇచ్చి చూశారా మరి" అంది. దానికి మా దగ్గర సమాధానం లేదు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి ఆదివారం. పానకం తాగి కొలతలు మొదలుపెట్టాం. పాప మా మధ్యే పడుకుంటుంది కాబట్టి ఆరుకి ఆరు తీసుకుందాం, మంచం కూడా మార్చేద్దాం అని మా ఆయన ఉషారు. టేపు ఎంత వెతికినా దొరకలేదు, కింద ఫ్లోర్ వాళ్ళనడిగి తెచ్చాం. ఇప్పుడున్న మంచం ఐదుకి ఆరు, బయటి చెక్కతో కలిపి వెడల్పు 63 అంగుళాలు. గది వెడల్పు 108. ఎదురుగోడకి బీరువా 20 అంగుళాలు. అంటే మంచానికీ బీరువాకీ మధ్య 25 అంగుళాలు. ఈ లెక్కలు మేం కాగితం మీద వేస్తుంటే అత్తయ్య వంటింట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి, కొత్త మంచం ఎక్కడిదాకా వస్తుందో అక్కడ నేల మీద నిలువుగా గీత గీసింది. తర్వాత వెళ్ళి బీరువా తలుపు తెరిచింది. తలుపు 18 అంగుళాలు, గీత దాటి ఐదు అంగుళాలు లోపలికి వెళ్ళిపోయింది. "ఇక మీరు చీర తియ్యాలంటే మంచమెక్కి తియ్యాలి" అని డబ్బా మూత పెట్టి వెళ్ళిపోయింది. ఆరుకి ఆరు ముచ్చట అక్కడితో అయిపోయింది. ఇది మాత్రం ఎవరైనా చెయ్యండి, కాగితం మీద లెక్క ఎంత వేసినా నేల మీద గీత చూసినప్పుడే అర్థమవుతుంది.

పొడవు కూడా 78 అంగుళాలు తీసుకుందామనుకున్నాం, మా ఆయన పొడుగు, 72లో దిండు వేసుకుంటే కాళ్ళు అంచుకి వస్తాయి. కానీ గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది, మంచం ఆరు అంగుళాలు పెరిగితే తలుపు సగమే తెరుచుకుంటుంది. సరే, 72కి 60 అని ఖాయం చేశాం.

12, 13 తేదీలు శని ఆదివారాలు షాపులు తిరిగాం. నిజం చెప్పాలంటే షాపులో పరుపు మీద పడుకుని చూడటం ఒక శిక్ష. నేను చుడీదార్‌లో వెళ్ళినా కూడా, నెత్తి మీద సేల్స్ అబ్బాయి నిలబడి "కంఫర్ట్ ఎలా ఉంది మేడం" అంటుంటే, అద్దాల బయట నుంచి బస్టాప్‌లో జనం చూస్తుంటే, వెల్లకిలా ఎంతసేపు పడుకుంటాం. అర నిమిషం కూర్చుని లేచి బాగుంది బాగుంది అనేశాను. మా ఆయన అసలు పడుకోనే లేదు, చేత్తో నొక్కాడు. పాప ఒక్కతే నిజాయితీగా టెస్ట్ చేసింది, ఎగిరెగిరి.

రేట్లు చెప్తాను, అన్నీ 72కి 60కే. పాకెట్ స్ప్రింగ్ (ఒక్కో స్ప్రింగ్ విడిగా గుడ్డ సంచిలో ఉండేది) 28,000. ఆర్థో అని రాసున్న ఫోమ్ 16,500. పూర్తి లాటెక్స్, అంటే రబ్బరు ఫోమ్, 45,000 (అది విని పాపని కిందికి దించేశాం). ఆర్థో అంటే ఏంటి బాబూ అంటే "నడుం నొప్పికి స్పెషల్ మేడం" అన్నాడు, లోపల ఏముంది అంటే "స్పెషల్ ఫోమ్" అన్నాడు. మూడు షాపుల్లోనూ ఇదే. ఒక్కరు కూడా మా గది ఎంత, మంచం ఎలాంటిది అని అడగలేదు, మాకూ చెప్పాలని తట్టలేదు.

విసిగిపోయి ఏప్రిల్ 15 రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌లో మెమరీ ఫోమ్‌ది ఆర్డర్ పెట్టేశాం. 8 అంగుళాల మందం, 14,999, వంద రాత్రులు ట్రయల్, నచ్చకపోతే డబ్బులు వాపస్. 6 అంగుళాలకీ 8 అంగుళాలకీ 1,800 తేడానే ఉంది, మందం ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాం. నా ఖర్మ.

19న శనివారం వచ్చింది, చాపచుట్టలా చుట్టేసి ప్లాస్టిక్‌లో గాలి పీకేసి పెద్ద అట్టపెట్టె. డెలివరీ అబ్బాయి లిఫ్ట్ దగ్గర దించి వెళ్ళిపోయాడు, వాచ్‌మన్ సాయం పట్టాడు, 100 ఇచ్చాం. ఇక్కడ మేం చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, దాన్ని హాల్లో విప్పాం. పాప చూస్తానంది, అత్తయ్య చూస్తానంది, సరే అని హాల్లోనే కత్తెరతో కవరు కోశాడు మా ఆయన. బుస్సున గాలి పీల్చుకుని మా కళ్ళ ముందే పూరీలా పొంగింది. పొంగాక ఇక దాన్ని మడవలేం, పట్టుకోడానికి పట్టు లేదు, వరండా మలుపు దగ్గర ఇరుక్కుంది. నడుం పట్టేసిన దాన్ని నేను, మోకాళ్ళ నొప్పుల అత్తయ్య, ఆఫీసు కుర్చీలో తప్ప బరువెరగని మా ఆయన, ముగ్గురం ముప్పావుగంట కుస్తీ. విప్పేది మంచం మీద పెట్టాకే విప్పాలి, ఇంకెక్కడా కాదు.

పాత పరుపు ఏం చేశామంటే, చెత్త బండి అబ్బాయి ఎక్కించుకోనన్నాడు, వాచ్‌మన్ గుంట చూసి వద్దన్నాడు. చివరికి పాత సామాన్ల ట్రాలీవాడికి మనమే 300 ఎదురిచ్చి పంపాం. పంపే ముందు అత్తయ్య ఒక మూల జానెడు ముక్క కోసి ఉంచుకుంది, కూలర్ కింద పెడితే గడగడ తగ్గిందండీ, నిజంగా.

కొత్త పరుపు వాసన మూడు రోజులుంది, పెయింట్ వాసనలాగా. ఆ మూడు రాత్రులు హాల్లో పడుకున్నాం. నాలుగో రోజు పడుకుంటే, అబద్ధమెందుకు, స్వర్గం. ఒక వారం అందరికీ ఫోన్ చేసి చెప్పాను.

తర్వాత ఎండలు ముదిరాయి. మాది పై ఫ్లోర్ అని చెప్పాను కదా, సాయంత్రం ఏడింటికి కూడా శ్లాబు పొయ్యి మీది పెనంలా ఉంటుంది, ఏసీ లేదు. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, అసలు దాని పద్ధతే అది, ఒంటి వేడికి కరిగి మన ఆకారానికి ఒదుగుతుంది. ఏసీ గదిలో అది సుఖం. మా గదిలో ఏప్రిల్ ఆఖర్లో అది బురదలో పడుకున్నట్టుంది, నడుం కిందికి దిగిపోయి అక్కడే ఉండిపోతుంది, పక్కకి తిరగాలంటే ఆ అచ్చులోంచి బయటికి ఎక్కాలి, వీపంతా చెమట. పాపకి వీపు మీద చెమటకాయలు వచ్చాయి.

అది ఒకటైతే ఎత్తు ఇంకొకటి. మంచం 16 అంగుళాలు, పరుపు 8. మొత్తం రెండడుగులు. మంచం కిటికీ గోడకే ఆనించి ఉంటుంది, కిటికీ గూడు నేల నుంచి 30 అంగుళాలు. ఇదివరకు పాపకి అందేది కాదు, ఇప్పుడు పరుపు మీద నుంచి ఒక్క అడుగు వేస్తే గూట్లో ఉంది. మే 4 మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి గూట్లో నిలబడి గ్రిల్ పట్టుకుని కింద వీధిలో పుచ్చకాయల బండివాడికి టాటా చెప్తోంది. గ్రిల్ ఉంది కాబట్టి సరిపోయింది, నా కాళ్ళు మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి. పొడవు కొలిచాం, వెడల్పు కొలిచాం, ముగ్గు కూడా వేశాం, ఎత్తు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక బాక్సు తెరవడమంటే, ఆ పరుపు పాతదానికంటే బరువు, పైగా ఎత్తితే మధ్యలో ముద్దలా వంగి జారిపోతుంది. ఒకరు మోస్తే ఒకరు మూత తియ్యాలి. దుప్పట్లు, సూట్‌కేసులు, పాప చిన్నప్పటి బట్టలు అన్నీ అందులోనే, చిన్న గదిలో అదే మాకు స్టోర్‌రూమ్. నెలన్నర తెరవడం మానేశాం.

వాపస్ ఇచ్చేద్దామని మే మొదటివారం ఫోన్ చేస్తే కనీసం 30 రాత్రులు పడుకున్నాకే రిటర్న్ తీసుకుంటాం, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది మేడం అన్నారు. వంద రాత్రులు అని పెద్దక్షరాల్లో చూశాం గానీ ఇది చూడలేదు. రోజులు లెక్కపెట్టుకుని మే 20న మళ్ళీ చేశాను. ఫొటోలు పంపమన్నారు, నాలుగు వైపులా, మరకలు లేకుండా. మరక ఉంటే రిటర్న్ లేదట. నాలుగేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో! అదృష్టం, మొదటి రోజే అత్తయ్య పాప పడుకునే చోట రబ్బరు షీట్ పరిపించింది, నాకు చిరాకేసినా ఆ 900 రూపాయల షీటే 15 వేలు కాపాడింది. పికప్ 24 అన్నారు, రాలేదు. 27 అన్నారు, ఆ రోజు సెలవు పెట్టి కూర్చున్నాను, రాలేదు. 29న చెప్పాపెట్టకుండా వచ్చారు, ఇద్దరు అబ్బాయిలు, తాడుతో కట్టి ఐదు నిమిషాల్లో దించేశారు, మేం ముప్పావుగంట పడ్డ కుస్తీ గుర్తొచ్చి సిగ్గేసింది. వాళ్ళకి 200 ఇచ్చాను. డబ్బులు జూన్ 9న పడ్డాయి, పూర్తిగా, అందులో పేచీ ఏం లేదు.

ఇప్పుడు పరుపు లేదు. మంచం చెక్క మీద బొంత వేసుకుంటే చెక్క సందులు గుచ్చుకున్నాయి, కింద నేల మీదికి దిగాం. అత్తయ్య మొహంలో ఆ సంతోషం చూడాలి. మొదటి రెండు మూడు రోజులు నిజంగానే నడుం హాయిగా ఉంది, ఒప్పుకుంటున్నాను. నాలుగో రోజు నుంచి తుంటి, భుజం నొప్పి, పక్కకి తిరిగి పడుకునే అలవాటు నాది. పైగా ఆ ఏడు వానలు మే ఆఖర్లోనే వచ్చేశాయి, నేల చెమ్మ, పొద్దున లేచేసరికి బొంత అడుగు తడితడిగా ఉండేది.

జూన్ 1 ఆదివారం, ఈసీఐఎల్ వైపు వెళ్తుంటే ఒక చిన్న షాపు కనపడింది, బయట రంగురంగుల ఫోమ్ షీట్లు నిలబెట్టి, లోపల కుట్టు మిషన్ చప్పుడు. అరవై ఏళ్ళ భాయ్ ఒకాయన, వాళ్ళ నాన్న దూది ఏకేవాడట, వీధి వీధి తిరిగి బూరుగు దూది పరుపులు కుట్టేవాడట. నేను 72కి 60 అని మొదలుపెట్టగానే ఆపేశాడు.

"అమ్మా, మంచం కింద డబ్బా ఉందా?"

ఉంది అన్నాను.

"సామాన్ పెడ్తరా దాన్ల? ఎవరు తీస్తరు, మీరా సారా?"

నేనే అన్నాను. ఉగాది సంగతి కూడా చెప్పాను.

"మరి ఇంత పెద్ద పరుపు ఒక్కటే ఎందుకు, రెండు చేపిచ్చుకోండి. ముప్పై ముప్పై. ఒక్కటి లేపితే ఒక్క మూత. ఎండకు ఏస్కోవాలన్నా మీరే ఏస్కుంటరు."

నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం. రెండు నెలల నుంచి ఇంతమందితో మాట్లాడాం, ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, ఆ మాటకొస్తే దెబ్బ తిన్న నాకే రాలేదు.

తర్వాత ఒక శాంపిల్ పరుపు జిప్పు లాగి లోపలిది బయటపెట్టాడు. అడుగున రీబాండెడ్, అంటే ఫోమ్ తుక్కు ముక్కలన్నీ జిగురుతో నొక్కి చేసింది, నీలం పసుపు గులాబీ ముక్కలు కలిపి మా అత్తయ్య బొంత లాగే ఉంది చూడటానికి. పిడికిలితో నొక్కితే దిగలేదు. పైన లాటెక్స్, తెల్లగా, జల్లెడ చిల్లులు, ముక్కు దగ్గర పెడితే కొత్త హవాయి చెప్పు వాసన. దాన్ని నొక్కి వదిలితే వేలి గుర్తు నిలవకుండా వెంటనే లేచింది, అదే పక్కన మెమరీ ఫోమ్ ముక్క నొక్కి వదిలాడు, నా చెయ్యి అచ్చు మెల్లగా మూసుకుంటూ ఉంది, "ఇగో మీరు పండుకున్న బురద ఇదే" అన్నాడు.

డెన్సిటీ డెన్సిటీ అని అందరూ చెప్తారు కదా, అది ఏంటో కూడా ఇక్కడే తెలిసింది. ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు అని అంతే. 40 డెన్సిటీ అంటే మీటరు పొడవు మీటరు వెడల్పు మీటరు ఎత్తు దిమ్మ 40 కిలోలు తూగాలి. కాబట్టి తూకం వేస్తే అబద్ధం బయటపడుతుంది. మా ఆయనకి ఇలాంటివి దొరికితే పండగ, అక్కడే ఫోన్ తీసి అంగుళాలని మీటర్లు చేసి లెక్క వేశాడు, 3 అంగుళాల రీబాండెడ్ 80 డెన్సిటీ, పైన 2 అంగుళాల లాటెక్స్ 75, గుడ్డతో కలిపి ఒక్కో ముక్క 14 కిలోల పైన ఉండాలి. "ఇంటికి తెచ్చినంక కాంటా పెట్టుకోండి" అన్నాడు భాయ్, ఏమాత్రం జంకకుండా.

మొత్తం 5 అంగుళాలు. 16,800, బిల్లుతో. కస్టమ్ సైజు కాబట్టి వాపస్ లేదు, అది ముందే చెప్పాడు. అందుకని నేను సిగ్గు పక్కనపెట్టి షాపు వెనక గదిలో శాంపిల్ మీద ఇరవై నిమిషాలు పడుకున్నాను, పక్కకి, నేను రోజూ పడుకునేట్టు, ఇంటి నుంచి నా దిండు తెప్పించుకుని మరీ. 2 వేలు అడ్వాన్స్. ఇంకో మాట, మంచం బయట కాదు లోపల కొలవండి అన్నాడు. మళ్ళీ ఇంటికెళ్ళి కొలిస్తే లోపల 71న్నర, 59న్నర ఉంది. అర అంగుళం తగ్గించి 71, ఒక్కోటి 29న్నర చేయించాం, లేకపోతే మధ్యలో ఉబ్బేది.

జూన్ 6 అన్నాడు, 8న వచ్చింది, మృగశిర రోజు, ఇల్లంతా చేపల పులుసు వాసన. ఆటో 500. బాత్రూమ్ బరువు మిషన్ మీద పరుపు నిలవదు కాబట్టి మా ఆయన పరుపు పట్టుకుని ఎక్కాడు, దిగి ఖాళీగా ఎక్కాడు, తేడా తీశాడు. ఒకటి 14.3, ఇంకోటి 14.6. మనిషి ఆ సాయంత్రమంతా గర్వంగా తిరిగాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్యలో సందు. భాయ్ రెండు ఎలాస్టిక్ బెల్టులు ఇచ్చాడు, వారానికి వదులైపోయాయి, పాప సరిగ్గా ఆ సందులోనే పడుకుంటుంది, పొద్దున్నకి ఒక చెయ్యి లోపల ఉంటుంది. ఇప్పుడు అడ్డంగా అత్తయ్య బొంత పరిచి దాని మీద దుప్పటి వేస్తున్నాం, చాలావరకు నయం. ఇంకోటి, మొదటి పది రోజులు నాకు గట్టిగానే అనిపించింది, ఇప్పుడు అలవాటైంది, మా ఆయనకి మొదటి రోజు నుంచే బాగుంది. ఎలాస్టిక్ ఉన్న పాత దుప్పట్లు 8 అంగుళాలదానికని కొన్నవి రెండు వదులు వదులుగా వేలాడుతున్నాయి, ఒకటి కింద టైలర్‌కి ఇచ్చి రెండు సింగిల్ కవర్లు కుట్టించాను, 180. రెండోది ఇవ్వాలి.

నడుం పరుపు వల్లే తగ్గిందా, డాక్టర్ చెప్పిన వ్యాయామాల వల్లా, ఊరికే రోజులు గడిచి తగ్గిందా అంటే నేను చెప్పలేను. కానీ నిన్న వాన పడి చలేస్తుంటే అర్ధరాత్రి మా ఆయన్ని లేపకుండా నా వైపు ముక్క ఒక్కటీ గోడకి నిలబెట్టి, మూత తీసి రగ్గు తీసుకున్నాను. రగ్గు కింద మా టేపు ఉంది.